హన్నమ్మ పొట్లం, లూదియా కార్డు

లూదియా తన చదువు కార్డులను బస్సులో మగవాళ్ళతో ముచ్చట్లాడుతూ పారేసుకుందని, అందుకే నంద్యాల పాలిటెక్నిక్‌లో ఆఖరి పరీక్ష తప్పిందని మా ఆళ్లగడ్డలో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. చర్చి మెట్ల దగ్గర చెప్పులు వదులుతూ అంటారు, బోరింగు దగ్గర బిందె నిండేలోపల అంటారు. ఆ మాటకు మొదలు మా వీధి కృపమ్మ. కృపమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ పొద్దు బస్సులో తన కళ్ళతో చూసిందే చెప్పింది. కాకపోతే ఆమె బాగా వెనక కూర్చుంది, నేను లూదియా భుజానికి భుజం ఆనించి కూర్చున్నాను. వెనక కూర్చున్నామె కథ ఊరంతా తిరిగి, పక్కన కూర్చున్న నా కథ ఇంట్లోనే ఉండిపోతే అది న్యాయం కాదు. ఇన్నాళ్ళూ చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం పేరు హన్నమ్మ. పోయిన వానాకాలంలో ఆమె ప్రభువు దగ్గరికి పోయింది కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు.

హన్నమ్మ లూదియా తల్లి. మా ఎదురిల్లు. ఆమె మొగుడు ఏసయ్య డ్యాము పనులకని సున్నిపెంట పోయి, అక్కడే విషజ్వరంతో పోయాడు. అప్పటికి లూదియాకు ఇంకా అడుగులు రాలేదు. బిడ్డను చంకన వేసుకుని ఆళ్లగడ్డకు తిరిగొచ్చిన హన్నమ్మ బస్టాండులో గంప పెట్టింది. వేయించిన వేరుశనగలు, మా వైపు బుడ్డలంటాం, పొట్లాలు చుట్టి బస్సు కిటికీల దగ్గర అమ్మేది. తెల్లవారేసరికి ఆమె పొయ్యి మీద ఇసుక కాగిన వాసన వీధి దాటి మా ఇంట్లోకొచ్చేది. పొట్లం చుట్టేటప్పుడు ఆమె చేతుల వైపు చూసుకోగా నేనెప్పుడూ చూడలేదు. మాట నాతో, చూపు వచ్చే బస్సు మీద. చేతులు మాత్రం కాగితాన్ని మెలిపెట్టి, బుడ్డలు పోసి, మూతి మడిచి గంపలో పెట్టేసేవి.

హన్నమ్మకు అక్షరం రాదు. నేను చర్చి మిషను బడిలో ఐదో తరగతి వరకు చదివినదాన్ని, పిల్ల చదువు నేను చూస్తానే అంటే వినేది కాదు. తానే చూసుకునేది. ఎట్లా చూసేదో చెప్తాను. సాయంత్రం గంప దించి, కాళ్ళు కడుక్కుని, గడప మీద కూర్చుని "పుస్తకం తే" అనేది. లూదియా లెక్కల పుస్తకం తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టేది. హన్నమ్మ పేజీలు తిప్పేది. లెక్క సరైతే సారు ఎర్రసిరాతో కొక్కెం లాంటి గుర్తు వేస్తాడు, తప్పయితే అడ్డంగా గీత కొడతాడు. ఆ సంగతి ఆమె ఎవరినీ అడక్కుండా తనంతట తానే కనిపెట్టింది. అన్నీ కొక్కేలయితే పిల్లకు బెల్లం ముక్క. గీత కనిపిస్తే ఆ గీత మీద వేలు పెట్టి, పిల్ల ముఖంలోకి చూసేది.

లూదియా రెండో తరగతిలో ఉండగా ఒకరోజు అట్లాగే వేలు పెట్టింది.

"ఇదేందీ?"

"సారు పెన్ను జారిందిమ్మా."

"జారిందా. సరే, రేపు నేనే వచ్చి అడుగుతా."

అన్నట్టే మర్నాడు గంపతో సహా బడికి పోయింది. సారు పుస్తకం చూసి, "పెన్ను జారలేదు హన్నమ్మా. మీ పాపే జారింది, ఏడో ఎక్కంలో" అన్నాడు. ఆ సాయంత్రం ఆమె చెప్పించిన చెప్పింపుకు ఏడో ఎక్కం మా వీధిలో బడి మొహం చూడని ముసలివాళ్ళకు కూడా వచ్చేసింది.

పొట్లాల కాగితాల దగ్గరా ఆమెది ఇదే న్యాయం. పరీక్షలయ్యాక పిల్లల పాత పుస్తకాలు కొనుక్కొచ్చి విప్పేది. కొక్కేలున్న కాగితాలు ఒక పక్క, గీతలు పడినవి ఒక పక్క. గీతలు పడినవి అయిపోతే గాని కొక్కేల వాటి జోలికి పోయేది కాదు.

"అన్నీ కాగితాలే గదా, ఏందే నీ చాదస్తం?" అని అడిగాను.

"ఎవరి బిడ్డో కష్టపడి రాసింటాది, సారు మెచ్చుకున్న కాగితం. దాంట్లో ఉప్పూ బుడ్డలూ పోసి ఎట్లమ్మేదక్కా. తప్పుదైతే ఏం, తిని పారేస్తారు" అంది.

ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. కథంతా దీని మీదే నిలబడింది.

లూదియా పదో తరగతి మంచి మార్కులతో దాటింది. నంద్యాల పాలిటెక్నిక్‌లో కొత్తగా ఏదో చదువు పెట్టారని, అందులో చేరింది. ఆ చదువు పేరు మా వీధిలో ఎవరి నోటా సరిగ్గా పలకలేదు. మొదటి సెలవులకు వచ్చినప్పుడు నేనే పిలిచి అరుగు మీద కూర్చోబెట్టుకున్నాను.

"ఏం చదువే అది?"

"డేటా ప్రాసెసింగు, పెద్దమ్మా."

"దాంట్లో ఏం చేస్తారు?"

"పంచింగ్ చేస్తాము. కార్డులకు బెజ్జాలు పొడుస్తాము."

"బెజ్జాలు పొడిచేదానికి నంద్యాల దాకా పోవాల్నా?"

లూదియా నవ్వి, సంచిలోంచి ఒక కార్డు తీసి నా చేతికిచ్చింది. శుభలేఖ కంటే కొంచెం పలచన, పోస్టుకార్డు కంటే కొంచెం పొడుగు. దాని నిండా సన్నసన్న పలకల బెజ్జాలు. ఒక్కో వరస బెజ్జాలు ఒక్కో అక్షరమట. మిషనులో పెడితే ఆ బెజ్జాలను బట్టి చదువుకుంటుందట.

"కండ్లు లేనోళ్ళు చేత్తో తడుముకున్నట్టా?"

"అట్లాంటిదే పెద్దమ్మా. దానికీ కండ్లు ల్యావు."

నాకు అర్థమైంది. కానీ వీధికి అర్థమైంది వేరు. టికెట్టుకు బెజ్జం పొడిచేది ఎవరు? బస్సు కండక్టరు. పంచింగ్ నేర్చుకుంటోందంటే లూదియా కండక్టరు ఉద్యోగానికి చదువుతోందని తేల్చేశారు. బస్టాండులో కండక్టర్లు హన్నమ్మను ఆడుకునేవాళ్ళు.

"ఏం హన్నమ్మా, నీ కూతురు మా కడుపు మీద కొట్టేకి వస్తాందంట గదా?"

"వస్తాది. వచ్చినంక నీమాదిరి చిల్లర ల్యాదని ముసలోళ్ళను దబాయించదులే" అని హన్నమ్మ పొట్లం చేతికిచ్చేది. కండక్టరని వాళ్ళంటే కాదని ఆమె ఎప్పుడూ అనలేదు. కండక్టరయినా ఆమెకు సంతోషమే, ఆ మాటకొస్తే.

కాలేజీలో తప్పు పొడిచిన కార్డులు పనికిరావు. ఒక్క బెజ్జం తప్పినా కార్డంతా పారేయాల్సిందే. గట్టి కాగితం, తెల్లటిది, అవతల పడేస్తుంటే లూదియాకు ప్రాణం ఉసూరుమనేది. అవి పోగుచేసి, పురికొసతో కట్టకట్టి, ఇంటికొచ్చినప్పుడల్లా తల్లికి తెచ్చేది. ఒక కార్డుకు ఒక పొట్లం. మొదట్లో ఒక చిక్కొచ్చింది. నందికొట్కూరు పోయే ఆయనొకాయన బస్సు దిగొచ్చి, పంచె దులుపుకుంటూ గంప ముందు నిలబడ్డాడు.

"ఏందమ్మా ఇది, పొట్లమా జల్లెడా? ఉప్పంతా నా పంచె మీదనే ఉండాది."

"ఉప్పు తక్కువ తింటే మంచిదంట లేప్పా" అని హన్నమ్మ ఇంకో పిడికెడు బుడ్డలు పోసి పంపింది. ఆ తర్వాత బెజ్జాల మీదికి బెజ్జాలు రాకుండా మెలిపెట్టడం నేర్చుకుంది. అవి కంప్యూటరు బుడ్డలని పేరు పడ్డాయి. బడిపిల్లలు కార్డును వెలుతురుకు అడ్డంపెట్టి చూసి, తిని, జేబులో దాచుకునేవాళ్ళు.

మూడో ఏడు వచ్చింది. ఎండలు మొదలైన నెల. ఆఖరి పరీక్షకు ఒక్కొక్కరు సొంతంగా ఒక పని తయారు చేయాలి. లూదియా ఏం ఎంచుకుందనుకున్నారు? ఆళ్లగడ్డ బస్టాండుకు వచ్చిపోయే బస్సులు. ఏ ఊరి పేరు చెబితే ఆ ఊరి బస్సు వేళలన్నీ మిషను వరసగా అచ్చువేసి ఇవ్వాలి. బోర్డు మీద రాసిన వేళలు రాసుకొచ్చి చదువుతుంటే హన్నమ్మ పక్కనే కూర్చుని బుడ్డలు చెరుగుతూ సరిదిద్దేది.

"రుద్రవరం బస్సా, బోర్డు మీద ఏముంటే ఏం. ఆ డ్రైవరు టీ తాగితే గాని స్టీరింగు పట్టడు."

"అమ్మా, టీ తాగేది కూడా మిషనుకు చెప్పాల్నా?"

"చెప్పకుంటే దానికెట్ల తెలుస్తాది?"

ఆ పనికి కావలసిన కార్డులన్నీ లూదియా చాలా రోజులు కూర్చుని పొడిచింది. వాటిని ఇంకొన్ని రోజుల్లో వాళ్ళ కాలేజీ జనార్దనం సారు పెద్ద ట్రంకుపెట్టెలో సర్దుకుని హైదరాబాదు తీసుకుపోతాడు. పెద్ద మిషను అక్కడుంది. అందరి కార్డులూ అక్కడ వేయించి, అచ్చయిన కాగితాలు తెస్తాడు. దాన్ని బట్టే మార్కులు. ఆ పెట్టెలో కార్డులు లేనివాళ్ళు ఆ పరీక్ష తప్పినట్టే.

కార్డులకు ఒక ఆపద ఉంది. చెయ్యి జారి కిందపడి కలిసిపోతే వరస తప్పుతుంది, మిషనుకు అయోమయమవుతుంది. అందుకని కార్డులన్నీ సమంగా పేర్చి, కట్ట అంచు మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా రంగు పెన్సిలుతో గీత గీస్తారు. కలిసిపోయినా ఆ గీత మళ్ళీ కుదిరేలా పేర్చుకుంటే వరస దొరుకుతుంది. మంచి కట్టకు గీత ఉంటుంది, పారేసే కట్టకు ఉండదు. లూదియా దగ్గరున్నది ఎర్రపెన్సిలు.

హాస్టల్లో వదిలితే ఎవరి చేతిలో ఏమవుతుందోనని, అహోబిలం తిరునాళ్ళ ఆదివారానికి ముందురోజు ఇంటికి వస్తూ ఆ కట్టను కూడా సంచిలో వెంట తెచ్చుకుంది. తల్లికోసం తెచ్చిన పనికిరాని కట్ట, తన కట్ట, రెండూ ఒకే సంచిలో. రాత్రి అలసిపోయి వచ్చి పడుకుంది. పొద్దున్నే చర్చిలో పాటల అభ్యాసానికి పోయింది.

తర్వాతి సంగతి హన్నమ్మే నాకు చెప్పింది, చాలా కాలానికి, తన తెలివి గురించి చెప్పుకున్నట్టుగా. తిరునాళ్ళ జనం. బస్సుల మీద బస్సులు. ఎండ నెత్తికెక్కకముందే పొట్లం కాగితాలు అయిపోయాయి. ఇంటికి పరుగెత్తుకొచ్చింది. సంచి తెరిచింది. రెండు కట్టలు. పాప లేదు అడగడానికి. ఒక కట్ట మీద ఏమీ లేదు. ఇంకో కట్ట మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రగీత.

"ఎర్రగీత కొట్టిందే తీసుకున్నానక్కా" అంది హన్నమ్మ నాతో. "రెండోదాన్ని ముట్టుకోలేదు. ఉతికిన గుడ్డలో చుట్టి, సంచిలో అడుగున పెట్టినా, పాప మంచి కట్ట గదా అని."

సాయంత్రం లూదియా వచ్చి చూసుకుంటే సంచిలో గుడ్డలో చుట్టిన కట్ట ఉంది. తల్లి అంత భద్రంగా పెట్టిందని సంతోషపడి ఉంటుంది. విప్పి చూడలేదు.

సోమవారం పొద్దున నంద్యాల బస్సు. నేను మా అక్కను చూడడానికి అదే బస్సెక్కాను. లూదియా పక్కనే చోటు దొరికింది. హన్నమ్మ కిటికీ దగ్గరికొచ్చి కూతురికో పొట్లం, నాకో పొట్లం అందించింది. బస్సు కదిలింది. నేను నా పొట్లం విప్పుకుని తింటున్నాను. లూదియా తన పొట్లం చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

"తినవేందే?"

ఆమె చేతిలోని పొట్లం అంచు మీద ఒక ఎర్రచుక్క ఉంది. కట్ట మీద గీసిన గీత కార్డు కార్డుకూ ఒక చుక్కగా మిగులుతుందని నాకప్పుడు తెలియదు. బొట్టు అంటుకుందేమో అనుకున్నాను. లూదియా నా చేతిలోని పొట్లం అంచు చూసింది. సంచి తెరిచి, గుడ్డ విప్పి, లోపలి కట్ట చూసి, మళ్ళీ అదే మడతలో చుట్టి పెట్టింది. ఏడ్వలేదు. కిటికీలోంచి వెనక్కి చూసింది. బస్టాండు అప్పటికే మలుపు వెనక్కి పోయింది.

"ఏమయిందే? ఏమన్నా మరిచిపోయినావా? దిగుతావా?"

"ఊరికే పెద్దమ్మా. దిగి ఏం చేసేది."

బస్సులో సగం మంది చేతుల్లో పొట్లాలే. తిన్నవాళ్ళు కాగితం నలిపి కిటికీలోంచి పారేస్తున్నారు. రోడ్డు పక్క కంపచెట్ల మీద తెల్లగా ఎగిరి పడుతున్నాయి. లూదియా లేచి, కమ్మీ పట్టుకుని, ముందు సీటాయన దగ్గర నిలబడింది.

"అన్నా, ఆ కాగితం పారేయొద్దు. నాకిస్తావా?"

ఆయన వింతగా చూసి ఇచ్చాడు. తర్వాత ఇంకొకాయన. తర్వాత తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన.

"బుడ్డలు అయిపోనీ అమ్మా, ఇస్తా. నాకు పండ్లు తక్కువ, తొందర చెయ్యాకు."

ఆయన ఒక్కో బుడ్డ నమిలి మింగేదాకా లూదియా ఆ కుదుపుల్లో నిలబడే ఉంది. ఆయన మాట కలిపాడు, ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని. ఈ పిల్ల జవాబు చెప్పింది, ఎందుకంటే కాగితం ఇంకా ఆయన చేతిలో ఉంది. శిరివెళ్ల వచ్చేసరికి బస్సులో మగవాళ్ళందరినీ పలకరించినట్టే అయింది. వెనక సీట్లోంచి కృపమ్మ చూసింది ఇదే. తిరిగొచ్చి కూర్చున్నాక లూదియా ఆ నలిగిన కార్డులను మోకాలి మీద ఒక్కొక్కటే సాపు చేసుకుంది. తన పొట్లంలోని బుడ్డలు నా కొంగులో పోసి, ఆ కార్డును కూడా సాపు చేసి పుస్తకంలో పెట్టుకుంది. నా పొట్లం కాగితం అడక్కముందే ఇచ్చేశాను. పిల్లకు పిచ్చి పట్టిందేమోనని నాకు బెంగ, ఏమిటో తెలుసుకోకుండా దిగిపోతున్నానే అని అంతకంటే పెద్ద బెంగ.

కాలేజీలో జరిగింది ఆమె హాస్టలు స్నేహితురాలు ప్రేమకుమారి చెప్పగా విన్నాను. ఆ పిల్లది నందికొట్కూరు. తర్వాతెప్పుడో ఒక పెళ్ళిలో కనిపిస్తే పట్టుకుని, లడ్డు తిననివ్వకుండా అడిగాను.

ఆ సోమవారమే సారు పెట్టె సర్దుతున్నాడట. అందరూ కట్టలు తెచ్చి ఇస్తున్నారు.

"నీవి ఏమ్మా?"

"పోయినాయి సార్."

"యాడ పోయినాయి?"

"బస్సులో సార్."

జనార్దనం సారు కళ్ళద్దాలు తీశాడట. "బస్సుల మీద ప్రోగ్రాం రాసి బస్సులోనే పోగొట్టుకున్నావా?" క్లాసంతా నవ్వింది. ఆయన మంచివాడే. సాయంత్రం వరకు గడువిచ్చి, మిషను గది తాళం ఇచ్చాడు. లూదియా అన్నం తినకుండా కూర్చుని పొడిచింది. బస్సులో దొరికిన కార్డులు నలిగి ఉన్నాయి కాబట్టి మిషను నోట్లో పట్టవు. వాటిని చూసి కొత్తవి పొడవాలి. మిగిలినవి తన రాతకాగితాలు చూసి పొడవాలి. రుద్రవరం బస్సుల దగ్గరికి వచ్చేసరికి పొద్దు గూకింది. పెట్టె మూసేశారు. సగం కార్డులే పెట్టెలోకి వెళ్ళాయి. హైదరాబాదు నుంచి అందరికీ వెడల్పాటి కాగితాల చుట్టలొచ్చాయి. లూదియాకు ఒక్క కాగితం వచ్చింది, అందులో ఒక్క బస్సు వేళా లేదు, అన్నీ తప్పులే.

పరీక్ష తప్పింది. మళ్ళీ రాయాలంటే వానాకాలం పోయేదాకా ఆగాలి. పెట్టె సర్దుకుని ఇంటికొచ్చింది.

హన్నమ్మ కూతురి మీద ఎప్పుడూ గొంతెత్తిన మనిషి కాదు. ఆ రోజు వీధిలో నిలబడి ఎత్తింది. అందరం వాకిళ్ళలోకి వచ్చాం.

"నేను ఎండలో నిలబడి బుడ్డలమ్మి చదివిస్తాంటే బస్సులో పారేసుకునొస్తావా? ఉతికిన గుడ్డలో చుట్టి పెట్టినానే. గుడ్డ యాడుంది? గుడ్డ ఉంది గదా సంచిలో. గుడ్డ పోలేదు, కార్డులు ఎట్ల పోయినాయే?"

లూదియా తలదించుకుని నిలబడింది.

"యాడ పెట్టుకున్నావు కండ్లు? చెప్పు."

"తప్పయిందిమ్మా" అంది. అంతే.

కృపమ్మ నా చెవిలో తను చూసింది చెప్పింది. నా చెవి దాటి ఇంకెన్ని చెవులకు పోయిందో నాకెందుకు. నేను లూదియాను మర్నాడు బోరింగు దగ్గర పట్టుకున్నాను.

"నిజంగా బస్సులోనే పోయినాయా?"

"నువ్వు పక్కనే ఉంటివి గదా పెద్దమ్మా" అని బిందె ఎత్తుకుని పోయింది.

ఆ నాలుగైదు నెలలూ తల్లితో పాటు బస్టాండులో గంప దగ్గర కూర్చుంది. పాత పుస్తకాలు విప్పి, కొక్కేలవి ఒక పక్క, గీతలవి ఒక పక్క వేసి, తల్లి చుట్టినట్టే పొట్లాలు చుట్టింది. కండక్టర్లు "ఏం పాపా, పంచింగ్ అయిపోయిందా?" అంటే నవ్వేది. మధ్యలో కాలేజీకి పోయొచ్చినా కార్డులు తేవడం మాత్రం మానేసింది. హన్నమ్మ రెండుమూడు సార్లు అడిగింది, అవి గట్టిగా ఉండేవి గదా అని. "ఇప్పుడు బయటికి ఇడ్సరమ్మా" అంది లూదియా. వానలు పోయాక మళ్ళీ నంద్యాల పోయి అన్ని కార్డులూ మొదటి నుంచి పొడిచింది, ఈసారి సారు చేతిలోనే పెట్టి ఇంటికొచ్చింది. ప్యాసయింది. ఆ పొద్దు హన్నమ్మ గంపలో బుడ్డలన్నీ బస్సు బస్సుకూ ఊరికే పంచింది. రుద్రవరం డ్రైవరు టీ గ్లాసులో పోసుకుని తిన్నాడు.

అదే కాలేజీలో, అదే మిషను గదిలో లూదియాకు ఉద్యోగం ఇచ్చారు. ముందు మిషన్లు చూసుకునే పని, తర్వాత పిల్లలకు పంచింగ్ నేర్పే పని. కండక్టరు కాలేదేమని మా వీధిలో ఒకరిద్దరు చాన్నాళ్ళు నొచ్చుకున్నారు.

కొన్నేళ్ళకు కంటి పరీక్షకు నంద్యాల పోయినప్పుడు, ఇంత దూరం వచ్చి ఆ గది చూడకుండా పోతే ఎట్లా అని కాలేజీకి పోయాను. లూదియా క్లాసులో ఉంది. మిషను గదిలో ఒక ఆడపిల్ల నాకు కుర్చీ వేసింది. మిషన్లు టకటకమంటున్నాయి. బల్ల మీద వరసగా కార్డుల కట్టలు. అన్నిటి అంచుల మీదా ఏటవాలు గీతలు. నీలం, పచ్చ.

"ఇవేందమ్మా, ఈ గీతలు?" అని అడిగాను.

ఆ పిల్ల చెప్పింది, ఇందాక నేను మీకు చెప్పినదంతా. వరస తప్పకుండా ఉండడానికని, గీత ఉన్నదే మంచి కట్టని. ఒక కార్డు లాగి అంచున చుక్క కూడా చూపించింది. ఆ చుక్కను చూడగానే నాకు మళ్ళీ ఆ బస్సులో కూర్చుని కొంగులో బుడ్డలు పోయించుకున్నట్టయింది.

"ఎర్రగా గీయరా?"

"మా మేడం ఎర్రపెన్సిలు ఈ గదిలోకి తేనియ్యరు. ఎందుకో తెలీదు. అదొక్కటే ఆమెకు పడదు."

ఊరికొచ్చి హన్నమ్మ దగ్గర కూర్చుని, ఆ తిరునాళ్ళ ఆదివారం గురించి మెల్లగా కదిపాను. అప్పుడు చెప్పిందే ఆ మాట, ఎర్రగీత కొట్టిందే తీసుకున్నానక్కా అని. చెప్పి, "అంత భద్రంగా పెట్టి పంపినా పారేసుకునింది సూడు. పోనీలే, ఇప్పుడు బాగుండాది గదా" అని నవ్వింది. నా నాలుక మీదికి వచ్చిన మాటను పంటితో పట్టుకున్నాను. నన్నెరిగిన వాళ్ళకు తెలుసు, అది ఎంత కష్టమో.

హన్నమ్మ పోయాక, ఆదరణ కూడిక ముగిసి, పాస్టరుగారూ బంధువులూ లేచి వెళ్ళాక, లూదియా వాకిట్లో కూర్చుని తల్లి గంప కడుగుతోంది. గంప అడుగున ఒక దొంతర మిగిలింది, విప్పిన పాత పుస్తకాల కాగితాలు. అన్నిట్లోనూ కొక్కేలే. వాటిని తుడిచి పక్కన పెడుతోంది. ఇంక ఆగలేకపోయాను.

"లూదియా, ఒక మాట అడుగుతా, దాచకుండా చెప్పు. ఆ పొద్దు బస్సులో పొట్లం చూసినప్పుడే నీకు తెలిసిపోయింది. మీయమ్మ నిన్ను వీధిలో నిలబెట్టి తిడతాండె, ఊరంతా నోటికొచ్చినట్టు అంటాండె. నోరెందుకు తెరవలేదే?"

లూదియా చేతులు కొంగుకు తుడుచుకుంది. ఎట్లా తెలిసిందని నన్ను అడగలేదు.

"మా అమ్మకు బడి గురించి తెలిసింది ఒకటే ముక్క, పెద్దమ్మా. ఎర్రగీత పడితే తప్పని. ఆ ఒక్క ముక్కతోనే నన్ను ఒకటో తరగతి నుంచి కాలేజీ దాకా తెచ్చింది. అది గూడా తప్పేనని నా నోటితో ఎట్ల చెప్పేది?"